శుక్రవారం ప్రార్థనలో పేరు

వరసగా ఐదో శుక్రవారం కూడా పాస్టరుగారి పెద్దమ్మాయి కోచ్ కోసమే ప్రార్థన చేసింది.

"ప్రభువా, మా స్కూలు కోచ్ గారిని దీవించు తండ్రీ. ఆయన చేతిపనిని ఆశీర్వదించు. ఆయన మనసుకి మంచి ఆలోచన దయచేయి."

తలుపు పక్కన, చెప్పుల దగ్గరి కుర్చీలో కూర్చున్న ఎక్స్‌రే అబ్బాయి ఒక కన్ను తెరిచి చూశాడు. ప్రార్థనలో కళ్లు తెరవకూడదని అతనికి తెలుసు. కానీ కడుపు మండుతున్నవాడికి కళ్లు ఎక్కడ మూతపడతాయి?

అతను మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఊళ్లో సగంమంది ఎముకలు చూసినవాడు, పాస్టరుగారి పెద్దమ్మాయి మనసులో ఏముందో మాత్రం రెండేళ్లుగా ఏ ఫిల్ములోనూ పట్టలేకపోయాడు. ఆ పరాయి దేశపు ఊళ్లో తెలుగు వినపడే ఇల్లు అదొక్కటే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి అక్కడ కుటుంబ ప్రార్థన. అతను ఒక్క వారం మానలేదు. జ్వరంతో కూడా వచ్చాడు. భక్తి అనుకున్నారు అందరూ.

వరసగా ఒక్కొక్కరు ప్రార్థిస్తారు. అమ్మగారు పక్కింటావిడ కోసం, ఆవిడ కుక్క కోసం ప్రార్థించారు. పన్నెండేళ్ల చిన్నమ్మాయి లెక్కల టీచరు కోసం ప్రార్థించింది. ఆ పిల్ల పరుగు చూసి అందరూ బుల్లెట్ అంటారు. ఎంత పెద్ద మనసులో వీళ్లవి, అనుకున్నాడు అతను. లోకంలో అందరూ గుర్తొస్తారు, నేను తప్ప.

ఆమేన్ అయ్యాక పెద్దమ్మాయి టీ తెచ్చింది. ఆమె మిషన్ స్కూల్లోనే చిన్న క్లాసులకి టీచరు.

"ఏంటి ఎక్స్‌రే గారూ, మొహం అలా పెట్టారు? టీ బాలేదా?"

"చేదుగా ఉందండీ."

"మూడు చెంచాల పంచదార వేశాను."

"అయితే నా నోరే బాలేదేమో. కోచ్ గారు కులాసానా?"

"ఆయనకేం! దున్నపోతులా ఉన్నాడు."

దున్నపోతట! అంత చనువుగా తిట్టాలంటే ఎంత దగ్గరితనం ఉండాలి! తన దగ్గరైతే రెండేళ్లుగా 'గారూ' దాటి ఒక్క అడుగు ముందుకెయ్యలేదు.

ఆ కోచ్ ఆ దేశం మనిషి. ఆరడుగుల పొడవు, మెడలో విజిల్. ఈమధ్య తెలుగు ముక్కలు కూడా మాట్లాడుతున్నాడు. మొన్న ఆసుపత్రి గేటు దగ్గర ఎదురుపడి, "అన్యాయం అండీ! కుదరదు అండీ!" అని పళ్లు ఇకిలించాడు. ఎవరు నేర్పారని అడిగితే స్కూలు వైపు వేలు చూపించాడు. ప్రేమించినవాడికి ఎవరైనా 'అన్యాయం', 'కుదరదు' అని నేర్పుతారా అన్న అనుమానం అతనికి రావాల్సింది. రాలేదు. అసూయకి చెవులే గానీ బుర్ర ఉండదు.

"అన్నయ్యా, ఇంకో బిస్కెట్ తీస్కో" అంది బుల్లెట్.

అదొకటి. చెల్లెలు అన్నయ్యా అంటే అక్కకి తను ఏమవుతాడు?

*

మరుసటి వారం స్కూల్లో ఆటల పోటీలు. ఏటా ఆసుపత్రివాళ్లు సాయానికి వెళ్తారు. నర్సులు దెబ్బలకి కట్లు కడతారు, కాంపౌండర్ మైకు పట్టుకుంటాడు. ఎక్స్‌రే అబ్బాయికి రౌండ్లు లెక్కపెట్టే పని పడింది. "ఆయన లెక్కలో వెంట్రుకవాసి తేడా రాదు" అని అతని పేరు చెప్పింది పెద్దమ్మాయేనట. అది విని అతను చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

మైదానం చిన్నది. అందుకని పెద్ద పరుగుకి ఏడు రౌండ్లు. ముందున్న పిల్ల గీత దాటినప్పుడల్లా స్టాండుకి తగిలించిన అంకెల అట్ట ఒకటి తిప్పాలి. ఇంకెన్ని రౌండ్లు మిగిలాయో ఆ అట్ట చెబుతుంది. ఆఖరి రౌండుకి గంట కొట్టాలి. అంతే పని.

బుల్లెట్ బూటు లేసు కట్టుకుంటూ అతని దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, నాకిది నాలుగో స్కూలు. ఒక్కదాంట్లో కూడా మెడల్ లేదు తెలుసా? టీమ్‌లోకి తీసుకునే టైమ్‌కి డాడీకి ట్రాన్స్‌ఫర్ వచ్చేస్తుంది. ఇప్పుడూ అంతే. నెలాఖరుకి వెళ్లిపోతున్నాం."

ఆ నెలాఖరు మాట అతని పుండు మీద కారం చల్లింది. వెళ్లేది బుల్లెట్ ఒక్కతే కాదు కదా.

"ఇవాళ ఫస్ట్ వస్తేనే స్కూళ్ల పోటీకి తీసుకెళ్తాడంట కోచ్ సార్. ఇదొక్కటే చాన్సు."

"నువ్వు పరిగెత్తు. లెక్క నేను చూస్కుంటా" అన్నాడు అతను.

విజిల్ మోగింది. బుల్లెట్ మొదటి నుంచీ ముందే ఉంది. ఒక అట్ట తిప్పాడు, రెండు తిప్పాడు, మూడు, నాలుగు. అప్పుడు చూశాడు అటువైపు.

మైదానానికి అవతల పెద్దమ్మాయి, కోచ్ పక్కపక్కన నిలబడ్డారు. ఆమె చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. కోచ్ వింటూ వింటూ తన టోపీ తీసి ఆమె తల మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసెయ్యలేదు! పైగా సరిచేసుకుంది!

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంతసేపు అలా చూశాడో అతనికే తెలీదు. తేరుకునేసరికి పిల్లలు మలుపు తిరుగుతున్నారు. ఆ తర్వాత మళ్లీ గీత దాటినప్పుడు అట్ట తిప్పాడు, ఆ పై సారి ఇంకోటి తిప్పి గంట కొట్టాడు.

గంట మోగేసరికి బుల్లెట్ గీత దాటి గడ్డిలో పడిపోయి ఉంది.

"అయిపోయింది అన్నయ్యా! ఏడూ అయిపోయాయి!"

"ఇంకోటుందమ్మా. బోర్డు చూడు."

బుల్లెట్ బోర్డు చూసింది. అతని మొహం చూసింది. లేచి మళ్లీ పరిగెత్తింది. కానీ తన లెక్క ప్రకారం ఉన్న ఊపిరంతా అప్పటికే ఖర్చు పెట్టేసింది. బోర్డు నమ్ముకున్నవాళ్లు ముగ్గురు ఆమెను దాటిపోయారు. నాలుగోది వచ్చింది.

పెద్దమ్మాయి టోపీతోనే పరిగెత్తుకొచ్చింది, వెనకాలే కోచ్.

"నేనూ లెక్కపెట్టాను. ఎనిమిది పరిగెత్తించారు!"

"అక్క లెక్క చెల్లదు అండీ" అన్నాడు కోచ్. "జడ్జి లెక్క అండీ."

ఆమె అతనివైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. నమ్మకం ఉంది. "ఎక్స్‌రే గారూ, మీరు చెప్పండి. ఏడా, ఎనిమిదా?"

అప్పటికే అతనికి తెలిసిపోయింది. ఆ టోపీ దగ్గరే ఒక రౌండు పోయింది. ఒక్క మాట చాలు. కానీ ఎవడి టోపీ చూస్తూ తప్పు చేశాడో వాడి ఎదుటే, ఆ టోపీ ఇంకా ఆమె తల మీద ఉండగానే, తప్పు ఒప్పుకోవాలా?

"బోర్డు కరెక్టే" అన్నాడు.

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది. "సరే" అంది. చెల్లెల్ని లేపి, మోకాలి మట్టి దులిపి, తీసుకుపోయింది.

*

నాలుగు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆసుపత్రిలో ఎవరు "లెక్క" అన్నా భుజాలు తడుముకున్నాడు. మానేద్దామనుకుంటూనే శుక్రవారం ఆరింటికి ఆ గుమ్మం ముందు చెప్పులు విడిచాడు.

పెద్దమ్మాయి వంతు వచ్చింది. కోచ్ పేరు కోసం పళ్లు బిగించి సిద్ధపడ్డాడు.

"ప్రభువా, ఆసుపత్రిలో పనిచేసే మా ఎక్స్‌రే గారిని దీవించు తండ్రీ. ఆయన్ని నీ కాపుదలలో ఉంచు. ఆయన మనసుకి మంచి ఆలోచన దయచేయి."

అతని చెవులు గింగురుమన్నాయి. రెండేళ్లకి! తన పేరు! కోచ్ ఊసే లేదు! తప్పు చేసినవాడికి ఇంత వరమా అని కాస్త సిగ్గేసినా, సంతోషం దాన్ని తొక్కేసింది. ఆమేన్ అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆ రోజు టీ బుల్లెట్ తెచ్చింది. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

"ఏంటన్నయ్యా నవ్వుతున్నావ్?"

"ఏం లేదులే. మీ అక్క నాకోసం ప్రార్థన చేసింది కదా..."

"అందుకు నవ్వుతున్నావా?" బుల్లెట్ కళ్లు పెద్దవి చేసింది. "అక్కకి నీ మీద పీకలదాకా కోపం!"

"కోపమా?"

"మా ఇంట్లో రూలు తెలీదా నీకు? ఆ వారం ఎవరి మీద కోపం వస్తే శుక్రవారం వాళ్ల కోసం పైకి ప్రార్థించాలి. డాడీ పెట్టాడు. ఎక్కడికెళ్లినా మనకి తెలిసినవాళ్లు నలుగురే, వాళ్లతోనూ అలిగి కూర్చుంటే ఇంకెవరు మిగుల్తారని."

పక్కింటావిడ, ఆవిడ కుక్క, లెక్కల టీచరు ఒక్కసారిగా అతని కళ్ల ముందు వరసగా నిలబడ్డారు.

"మరి కోచ్?"

"ఐదు వారాలు కొట్లాట! వెళ్లిపోయే పిల్లకి టీమ్‌లో చోటెందుకు అన్నాడంట. 'అన్యాయం, కుదరదు' అని అక్క తెలుగులోనే తిట్టింది. పోటీల రోజు కూడా, గెలవకపోయినా తీస్కెళ్లాలని ఎండలో నిలబడి వాదిస్తుంటే, తలనొప్పి వస్తదని పాపం టోపీ ఇచ్చాడు. గెలిస్తే తీస్కెళ్తానని మాత్రం పొద్దున్నే ఒప్పుకున్నాడు. నేనే గెలవలేదు."

బుల్లెట్ బిస్కెట్ కొరుక్కుంటూ మామూలుగానే అంది ఆ మాట. అతను మాత్రం టీ కప్పు కింద పెట్టేశాడు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె తన పేరు ఎత్తలేదంటే, రెండేళ్లలో ఒక్కసారి కూడా తన మీద కోపం రాలేదన్నమాట. ఆ మంచితనాన్నంతా ఒక టోపీకి తాకట్టు పెట్టుకున్నాడు.

"గంట కొట్టేసరికే నీ ఏడూ అయిపోయాయమ్మా" అన్నాడు. "గెలిచావు. తప్పు నాది. అబద్ధం చెప్పాను."

బుల్లెట్ నమలడం ఆపేసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లి కోచ్ ఎదుట అంతా చెప్పాడు. ఎందుకు చూశాడో, ఎవరిని చూశాడో కూడా దాచలేదు. కోచ్ సగం అర్థమై, సగం అర్థం కాక, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"టీచర్ మీద... నేనా? అమ్మో! ఆ కోపం! భయం అండీ!" ఆ తర్వాత అతని ఛాతీ మీద వేలితో పొడిచాడు. "మీరు, అన్యాయం అండీ!"

"నిజమేనండీ" అన్నాడు అతను.

కోచ్ అప్పటికప్పుడు ఫలితాల కాగితం దిద్ది బుల్లెట్ పేరు పైకెక్కించాడు. స్కూళ్ల పోటీలో బుల్లెట్ మూడోది వచ్చింది. నాలుగు స్కూళ్లలో మొదటి మెడల్. దాన్ని మెడలో వేసుకునే స్నానం చేసిందని అమ్మగారు చెప్పారు. అతన్ని మాత్రం ఆ రోజు ఎవరూ బోర్డు దగ్గరికి రానివ్వలేదు. పెద్దమ్మాయి దూరం నుంచి అతన్ని చూసి, చూడనట్టు తల తిప్పుకుని, మళ్లీ చూసింది.

*

ఆఖరి శుక్రవారం. మూడు రోజుల్లో ప్రయాణం. కుర్చీలు కూడా కట్టేశారు. అందరూ అట్టపెట్టెల మీద కూర్చున్నారు.

పెద్దమ్మాయి బీరువా అద్దం పగలగొట్టిన సామానువాళ్ల కోసం ప్రార్థించింది. తన పేరు లేదు. క్షమించిందన్నమాట. సంతోషించాలో, ఆ పాటి కోపం కూడా మిగల్లేదని ఏడవాలో అతనికి తెలియలేదు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"తండ్రీ, తలుపు దగ్గర కూర్చున్న ఈ అబ్బాయిని జ్ఞాపకం చేసుకో. అతనికి ధైర్యం దయచేయి. నాకు సహనం దయచేయి."

అతనికి రెండు కళ్లూ తెరుచుకున్నాయి. పక్క పెట్టె మీద బుల్లెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"అయ్యగారికి నా మీద కోపమా?" అని గుసగుసగా అడిగాడు. "ఎందుకు?"

"రెండేళ్లుగా టీ తాగి పోతున్నాడే గానీ నోరు తెరిచి అడగడేంటని! మనం వెళ్లేది సోమవారం, వీడు అడిగేదెప్పుడని పొద్దున్నించీ అమ్మ మీద అరుస్తున్నాడు."

ప్రార్థన అతని వంతుకొచ్చింది. అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు. అతను అట్టపెట్టె మీంచి లేచాడు.

"అయ్యగారూ, ఇది దేవుడితో కాదండీ, మీతో చెప్పాల్సింది. మీ పెద్దమ్మాయిని నాకిచ్చి పెళ్లి చేస్తారా?"

"స్తోత్రం" అన్నారు అమ్మగారు గబుక్కున.

పాస్టరుగారు కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం నవ్వాయి. "నా వైపు అడ్డం లేదబ్బాయ్. దాన్ని అడుగు."

అతను ఆమెవైపు తిరిగాడు. ఆమె కళ్లు తెరిచే ఉంది. ఎప్పట్నుంచి తెరిచి ఉందో!

"మీ ప్రార్థనలో నా పేరు ఒక్క శుక్రవారమే విన్నానండీ. అదీ కోపంతో."

"శుక్రవారం కోపాల రోజు" అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి. "మిగతా రోజుల్లో నా గదిలో ఎవరి పేరు చెప్పుకుంటానో మీకెవరు చెప్పారు?"

అతను వారం రోజుల్లో శుక్రవారం తీసేస్తే ఎన్ని మిగుల్తాయో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

బుల్లెట్ మెడల్ గలగలలాడించుకుంటూ పెట్టె మీంచి దూకింది.

"ఆరు, బావా! ఈసారైనా సరిగ్గా లెక్కపెట్టు!"