పచ్చ ఉయ్యాల మీద చేతులు

నడికుడి స్టేషన్ అవతల, గూడ్సు లైను పక్కన, పాడుబడ్డ క్వార్టర్సు ఒకటి ఉండేది. అందులో కాపురమున్న పాయింట్స్‌మన్ భార్య జబ్బుచేసి పోయిందట. ఆ తర్వాత ఎవరొచ్చి చేరినా నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకునేవాళ్లు. గొడ్డు తప్పిపోయి అటు పోతే, తెల్లారేదాకా ఎవరూ వెతకబోయేవాళ్లు కాదు.

అప్పటికి నడికుడి జంక్షన్ కాదు. యాభై ఎనిమిదో, తొమ్మిదో... డ్యాము పనులకని జనమంతా మాచర్ల బండెక్కుతున్న రోజులు. నేను గుంటూరులో బియ్యే చదివొచ్చి, ఉద్యోగం లేక, ఆ బండ్లను లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి. సరే, నా గోల వదిలేద్దాం. ఇది దేవదాసు సంగతి. మా ఇంటి కుర్చీలకు రంగు వేస్తూ అతనే చెప్పాడు.

దేవదాసు పాత చెక్క సామాను గీకి, కొత్త రంగు వేసేవాడు. డబ్బాలో వచ్చే రంగు ముట్టడు. పొడులు తెచ్చుకుని, అవిసె నూనెలో నూరి, తనే కలుపుకుంటాడు. ఊళ్లో పెద్ద ఆసామి త్రికోటేశ్వరరావు గారు సంతలో ఒక పాత ఉయ్యాల కొని అతనికి అప్పగించారు. మనవణ్ణి ఉయ్యాలలో వేసే రోజుకి అది చిలకపచ్చ రంగులో మెరిసిపోవాలి.

"బాగా చేశావా, మా మంచాలూ తలుపులూ అన్నీ నీకే. చెడగొట్టావా, ఈ చుట్టుపక్కల మళ్లీ కుంచె పట్టవు" అన్నారట.

ఎండాకాలం. మిర్చి కల్లాల దుమ్ము ఊరంతా లేస్తోంది. పచ్చి రంగు మీద దుమ్ము పడితే పనంతా గరుకే. పాడుబడ్డా తలుపులూ కిటికీలూ గట్టిగా ఉండి, గాలి చొరబడని ఖాళీ చోటు ఆ క్వార్టర్సు ఒక్కటే.

"తాళం కూడా దండగే. దెయ్యమే కాపలా!" అని టీకొట్టు బసవయ్య నవ్వాడట.

మొదటి పూత వేసి, తలుపుకు పుల్ల అడ్డంపెట్టి ఇంటికి పోయాడు. తెల్లారి వచ్చి చూస్తే — అంచు మీద ఇటుక రంగు మరకలు. వంగి చూశాడు.

మరకలు కాదు... చేతులు. ఐదేసి వేళ్లతో, ఆడమనిషి చేతులు.

ఎవరో తాకినంత మాత్రాన రంగు ఇలా తిరుగుతుందా అని, పొడి అమ్మిన కొట్టువాణ్ణి తిట్టుకున్నాడు. ఉప్పుకాగితం పట్టి రుద్దాడు. మళ్లీ నూరాడు, మళ్లీ కలిపాడు. అదే పచ్చ రెండోసారి కుదరాలంటే ప్రాణం పోతుంది; ఎలాగో కుదిరింది. మర్నాడు మళ్లీ చేతులు! మళ్లీ రుద్దాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మళ్లీ చేతులు! నూనె గిన్నె గోడకేసి కొట్టాడట.

ఆ రోజే త్రికోటేశ్వరరావు గారు చూడ్డానికొచ్చారు.

"ఏందిరా ఇది? మా పసోణ్ణి నెత్తుటి చేతుల్లో పడుకోబెట్టమంటావా?"

"పొద్దునకల్లా అయిపోద్దయ్యా."

"నిన్న కబురు పెట్టినా ఇదే మాట. కాకపోతే నరసరావుపేట నుంచి పనోణ్ణి పిలిపిస్తా."

పొడి ఇంకొక్క పూతకే మిగిలింది. ఆ రాత్రి పూత వేసి, గిన్నెలో అడుగున కాస్త ఉంచుకుని, దీపం ఆర్పి, తలుపుకు లోపలినుంచి పుల్ల ఆనించి, దాని వెనక కూర్చున్నాడు.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"చానా ఏసింది బాబూ. కోపం ఇంకా ఎక్కువొచ్చింది."

గూడ్సు బండి పోయింది. ఆ చప్పుడు సద్దుమణిగింది... పుల్ల కిందపడింది. తలుపు తెరుచుకుంది.

తెల్లటి ఆకారం. మొహం తెలుపు, జుట్టు తెలుపు, కాళ్లు తెలుపు. నేరుగా ఉయ్యాల దగ్గరకి పోయి — రెండు చేతులూ అంచు మీద వేసింది.

"ప్రభువా..." అనుకున్నాడు. అంతలోనే కోపం తన్నుకొచ్చింది. "ఎవతివే నువ్వు? నా పనంతా నాశనం చేశావు గదే!"

ఆకారం ఉలిక్కిపడింది.

"అరవబాకరా దేవదాసూ... నేనే, మార్తమ్మని."

సున్నపు బట్టీలో కూలికిపోయే మార్తమ్మ. బట్టీ దిగి, ఒళ్లయినా కడుక్కోకుండా వచ్చింది. సున్నం తగిలితే ఆ పచ్చ విరిగి ఇటుక రంగుకి తిరుగుతుంది. అన్ని రంగులు కలిపినవాడికి, ఆ సంగతి అప్పుడు తట్టింది.

"నీకేం పనే అక్కా, ఈ ఉయ్యాలతో?"

"మా ఆయన చేసిందిరా. ఆయన పోయాడు. ఇందులోనే నా బిడ్డా పోయాడు. తిండికి లేక అమ్ముకున్నా. నువ్వు మోసుకొస్తుంటే బట్టీ కాడ చూశా."

"పగలొచ్చి అడగొచ్చుగా?"

"బిడ్డ పోయిన ఉయ్యాలని తెలిస్తే పెద్దాయన పొయ్యిలో పెట్టడూ?"

దేవదాసు దీపం వెలిగించాడు. అంచు తుడిచి, మిగిలిన రంగు పూశాడు. తర్వాత ఉయ్యాలను జాగ్రత్తగా పక్కకి వంచాడు.

"అడుగున పూత ఇంకా పచ్చిగానే ఉంది, అక్కడ అద్దు. ఎవరూ చూడరు. గట్టిగా అద్దు. ఇంక మాత్రం రాబాక."

ఆమె అద్దింది. చాలాసేపు తీయలేదట.

బారసాల నాడు ఊరంతా ఆ చిలకపచ్చను మెచ్చుకున్నారు. పాటలు పాడి, పసివాణ్ణి పడుకోబెట్టి ఊపారు. ఉయ్యాల కింద, ఇటుక రంగు అరచేతులు రెండు, వాణ్ణి ఎత్తి పట్టుకునే ఉన్నాయి.