రెండో బ్యాటరీ

ఏజెంట్ దుర్గాప్రసాద్ తాళం తిప్పాడు. టక్! అంతే. రెండు బ్యాటరీలున్న జీపు స్టార్ట్ కాలేదు. వెనక నుంచి తూటా మాత్రం ఆలస్యం చేయకుండా వచ్చింది. 1999 మార్చిలో, పొదిలి దగ్గర, పట్టపగలే జరిగిందా హత్య.

"ఇంజిన్ బ్యాటరీని, రేడియో బ్యాటరీని ఇంజిన్ నడిస్తే కలిపి, ఆగితే విడదీసే సోలనాయిడ్ స్విచ్‌ని ఎవరో మార్చేశారు," త్రినాథ్‌తో అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్. "దాని బదులు సెల్ఫ్ సోలనాయిడ్ పెట్టారు. అది ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణం పనికే. గంటలకొద్దీ ఆన్‌లో ఉంటే కాలి అతుక్కుపోతుంది. రేడియో రెండు బ్యాటరీలనూ తాగేసింది."

"సౌజన్య పనే సార్."

"మన ఏజెంట్ మీదే అనుమానమా? ప్రూఫ్?"

"తెస్తాను."

"విదేశీ ముఠా తమ వ్యానుకు రెండో బ్యాటరీ పెట్టించడానికి అద్దంకిలో మెకానిక్‌ని వెతుకుతోంది. ఎల్లుండి తీరంలో రాకెట్ పరీక్ష. ఆ సిగ్నల్స్ దేశం దాటకూడదు. మనవాళ్లెవరున్నా ప్రాణాలతో కావాలి, త్రినాథ్!"

త్రినాథ్ పిస్టల్ నడుముకు దోపుకున్నాడు. పోయినవాడు అతని ప్రాణస్నేహితుడు.

మర్నాడు అద్దంకిలో మిర్చి లారీలు ఆగేచోట, మెకానిక్ మీరావలిగా పెట్టుడు గడ్డంతో కూర్చున్నాడు. వ్యానులోంచి నల్ల కళ్లద్దాలు, మంగళగిరి చీర, ఖరీదైన సెంటు దిగాయి. సౌజన్య! ఆమె అతన్ని మునుపెన్నడూ చూడలేదు.

కావాలనే ఆమె చేతిలో సెల్ఫ్ సోలనాయిడ్ పెట్టాడు. "ఇదెయ్యమంటారా మేడమ్? చవకండి."

ఆమె ఫక్కున నవ్వింది. "ఇది అతుక్కుంటుందయ్యా. రోజంతా ఆన్‌లో ఉన్నా తట్టుకునేది వెయ్యి. నన్నే మోసం చేద్దామనుకున్నావా?"

కావలసిన ప్రూఫ్ ఆమె నోటితోనే దొరికింది. త్రినాథ్‌కి రక్తం మరిగిపోయింది. పీక నొక్కేయాలన్న కసిని దిగమింగి, "మీకన్నీ తెలుసండీ," అంటూ ఆమె అడిగిన రకమే బిగించాడు. కాకపోతే అది లారీది, ఇరవైనాలుగు వోల్టులది. వ్యానులోని పన్నెండు వోల్టులకు అది పనిచెయ్యదు, రెండో బ్యాటరీకి ఛార్జింగ్ అందదు. వోల్టుల అంకె మీద నల్ల పెయింట్ పూసింది అతనే. పక్కనే మాటలు వినిపించే చిన్న బగ్ కూడా దాచాడు.

పరీక్ష రోజున ముఠా వ్యాను మిర్చి కల్లం దగ్గర ఆగింది. బస్తాల చాటున త్రినాథ్ ఇయర్‌ఫోన్‌లో వింటున్నాడు. ఇంజిన్ నడిస్తే రేడియో సెట్‌లో గోల, అందుకని ఆపేశారు. పొద్దున్నే రెండో బ్యాటరీ డౌన్ అయింది. సౌజన్య సెట్‌ని ఇంజిన్ బ్యాటరీకి తగిలించింది. మధ్యాహ్నానికి అదీ నీరసించింది.

రాకెట్ లేచింది. సిగ్నల్స్ టేపుకెక్కాయి.

"తాలుకాయలు ఏరేశాం," కోడ్ చెప్పింది సౌజన్య.

"మంచికాయలు పంపండి," అటునుంచి జవాబు.

ఆమె బటన్ నొక్కబోయింది. సెట్‌లో లైటు ఆరిపోయింది!

"పోనియ్!" అని డ్రైవర్ మీద అరిచింది. టక్!

కిటికీలోంచి పిస్టల్ దూరింది. డ్రైవర్ చేతులెత్తేశాడు.

"మీరావలీ! నువ్వా?"

"దుర్గాప్రసాద్ స్నేహితుణ్ణి. నువ్వు తిప్పు తాళం."

టక్!

"మళ్లీ తిప్పు."

ఆమె మళ్లీ తిప్పింది. టక్! త్రినాథ్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఒక్క నొక్కుతో పగ తీరిపోతుంది. కానీ అంత సులువుగా పోనివ్వడం అతనికి ఇష్టం లేకపోయింది.

సాయంత్రం చీఫ్ వైర్‌లెస్‌లో పిలిచాడు. "సౌజన్య ప్రాణాలతోనే ఉందా?"

"ఉంది సార్. అద్దంకి దాకా వ్యాను తోస్తోంది."