ముప్పయ్యో కాపీ

కాట్పాడి జంక్షన్ రెండో నంబరు ప్లాట్‌ఫారం బెంచీ మీద, పట్టపగలు పదకొండు గంటలకి, గోవిందన్ అనే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని పక్కవాళ్ళు గంటసేపు గొంతు తగ్గించుకుని మాట్లాడుకున్నారు పాపం. మెడ వెనక సూదిపోటు కనిపెట్టింది రైల్వే డాక్టరు. ఒళ్ళో గ్రామఫోన్ రికార్డు అట్ట ఉంది. రికార్డు మాత్రం చంపినవాడు పట్టుకుపోయాడు. తొందరలో అట్ట వదిలేశాడు. దాని మడతలో ఒక చీటీ దొరికింది.

గోవిందన్ మన సర్కారు గూఢచారి. అందుకని మర్నాడు శనివారం పొద్దున్నే మద్రాసులో చీఫ్ గది తలుపు మూసుకుంది. ఎదుట నిలబడ్డవాడు ఏజెంట్ చెంగల్రాయలు. ఊరు గుడియాత్తం దగ్గర. నాలుగు తరాల కిందట అక్కడ చెరుకు వేసుకుని స్థిరపడ్డ తెలుగు రైతుల బిడ్డ.

"జాజ్ అంటే నీకు పిచ్చిట కదయ్యా?" అన్నాడు చీఫ్. ఆయనది కాకినాడ.

"కలకత్తాలో అంటుకుంది సార్."

"మొదటిసారి పనికొస్తోంది. విను. హెల్డర్ అని గుడియాత్తంలో తోళ్ళు కొనే పరదేశి. తోళ్ళు పైకి. లోపల పెద్ద ముఠా. ఆదివారాలు బంగళాలో జాజ్ రికార్డులు పెడతాడు. వేలూరు నుంచి పిచ్చివాళ్ళు పోగవుతారు. రేపు కృష్ణమూర్తి కూడా వస్తున్నాడు."

"సర్వే ఆఫీసరు కృష్ణమూర్తా?"

"ఆయనే."

అది 1958. మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాల మధ్య ఏ ఊరు ఎటు పోవాలన్న తగవు ఇంకా నలుగుతూనే ఉంది. ఊరూరా తిరిగి ఎవరి భాష ఏమిటో రాసుకుంటున్న కృష్ణమూర్తి రిపోర్టు సోమవారం ఢిల్లీకి పోవాలి. ఆదివారం ఆయన ప్రాణం పోతే తెలుగువాళ్ళే చంపారని ఒక పక్క, అరవవాళ్ళే చంపారని ఇంకో పక్క కత్తులు లేస్తాయి. ముఠాకి కావలసింది అదే.

"వెళ్ళొద్దని చెప్పలేకపోయారా సార్?"

"చెప్పాం. ఆ రికార్డు వినకుండా బతికేం లాభం అన్నాడు. హెల్డర్ దగ్గర ఏదో 'హుగ్లీ సెవెన్' అని..."

చెంగల్రాయలు ఒక అడుగు ముందుకి వేశాడు. హుగ్లీ సెవెన్! కలకత్తాలో ఒక్కటంటే ఒక్క రాత్రి కచేరీ చేసి విడిపోయిన బ్యాండు. ఆ కచేరీని ఎవరో టేపు మీద పట్టి ముప్పై రికార్డులు కొట్టించారు. ఆ రాత్రి చెంగల్రాయలు కలకత్తాలోనే ఉండి, ఎవడో స్మగ్లర్ వెనక సందులు తిరుగుతూ కచేరీ పోగొట్టుకున్నాడు. పంపింది ఈ చీఫే. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

చీఫ్ టైపు చేసిన కాగితం జరిపాడు. ఆ బంగళాలో వంట చేసే ఆరోకియమేరి అనే మనిషి గోవిందన్ చేతికిచ్చిన చీటీకి అది నకలు.

"ఆదివారం పెద్దాయనకు బాటలో పెట్టినారు."

"బాంబు రోడ్డు మీద పెట్టారయ్యా. వేలూరు నుంచి గుడియాత్తం దాకా నలభైమంది కానిస్టేబుళ్ళని రోడ్డు కూలీల వేషంలో దింపుతున్నాను. నువ్వు లోపల హెల్డర్ మీద కన్నేసి ఉండు. అక్కడ మిస్ కామిల్ అని బెంగుళూరు హోటళ్ళలో పాడే మనిషి ఉంటుంది. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికి నిజంగా చేస్తుందో ఆమెకే తెలీదని నా అనుమానం."

"కోడ్?"

"కచేరీ మేలా, రికార్డు మేలా అని నువ్వడగాలి. రెండింట్లోనూ దగ్గేవాడు ఒకడుంటాడు అని ఆమె అనాలి."

ఆఫీసు వాళ్ళు ఒక ఫౌంటెన్ పెన్ కూడా ఇచ్చారు. క్యాప్ తిప్పితే నిబ్బు లోపలికి పోయి ఉక్కు బ్లేడు బయటికొస్తుంది. రాయడానికి మాత్రం పనికిరాదు.

ఆదివారం మూడు గంటలకి గళ్ళకోటు, పెట్టుడు మీసంతో బెంగుళూరు రికార్డు డీలర్ మిస్టర్ రాయ్ వేషంలో చెంగల్రాయలు గుడియాత్తం బంగళా చేరాడు. గేటు దగ్గరే నిలబడి కృష్ణమూర్తి జీపు వచ్చేదాకా చూశాడు. జీపు వచ్చింది. రోడ్డు మీద ఏమీ పేలలేదు. చెంగల్రాయలు ఊపిరి వదిలి లోపలికి నడిచాడు.

హాల్లో ఆరేడుగురున్నారు. మధ్యలో బీరువా అంత రేడియోగ్రామ్. దాని పక్కనే గౌరవ కుర్చీలో కృష్ణమూర్తి. బట్టతల, పసిపిల్లాడి నవ్వు. ఈయన్నా వాళ్ళు చంపాలనుకున్నది, అనిపించింది చెంగల్రాయలికి. కిటికీ దగ్గర ఆకుపచ్చ షిఫాన్ చీరలో మిస్ కామిల్. ఆమె కళ్ళకి కాటుక అక్కర్లేదు గానీ పెట్టుకుంది.

చెంగల్రాయలు ఆమె పక్కకి చేరి కోడ్ విసిరాడు.

"ఇంతకీ కచేరీ మేలంటారా, రికార్డు మేలంటారా?"

"ఏం మేలు నాయనా, రెండింట్లోనూ దగ్గేవాడు ఒగడుంటాడు," అన్నారు వెనకనించి. రైల్వే గార్డుగా రిటైరైన అంజప్ప. "కలకత్తా కచేరీకి నేను పోయింటి. సీటు లేదు, స్తంభం పక్కన నిలబడే వింటి. కండ్ల ముందర ఊదతాంటే ఆ ఊపు వేరే. ఇంట్లో ముల్లు పెట్టుకొని వినేది చద్దన్నం."

"చద్దన్నమే రుచి అంజప్పా," అన్నాడు కృష్ణమూర్తి. "కచేరీ ఒక్కసారే. నచ్చిన చోట మళ్ళీ ఊదమంటే ఊదుతారా?"

జాజ్ పిచ్చివాళ్ళు రోజూ కొట్టుకు చచ్చే ప్రశ్నని కోడ్‌గా పెట్టిన ఆఫీసుని చెంగల్రాయలు మనసులో ఘాటుగా తిట్టుకున్నాడు. మిస్ కామిల్ నవ్వు దాచుకుంది.

"ఆయన ముందే చెప్పేసినాడు," అంది మెల్లిగా. "మీరు వెతికే కామిల్ నేనే, ఈ ఊరి కమలాక్షిని. జాగ్రత్తగా ఉండండి."

"దేనికి?"

ఆమె నోరు తెరిచేలోపే హెల్డర్ వచ్చాడు. పొడుగ్గా, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. చేతిలో అట్ట లేని నల్లటి రికార్డు.

"హుగ్లీ సెవెన్. ముప్పయ్యో కాపీ," అన్నాడు ఇంగ్లీషులో. "మన నియమం తెలుసుగా. మోగుతున్నంతసేపు తలుపు మూసి ఉంటుంది. మాటలుండవు."

ముల్లు దిగింది. ముందు జనం గుసగుసలు, కుర్చీల కిర్రు. తర్వాత ఎక్కడో దూరాన క్లారినెట్ మొదలైంది. చెంగల్రాయలికి ఒళ్ళు జలదరించింది. వచ్చిన పని మర్చిపోకూడదని తనకి తాను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

పదిహేను నిమిషాలయ్యాక హెల్డర్ ట్రంక్ కాల్ ఉందని సైగ చేసి బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు, ఆ వెంటనే తాళం చెవి తిరిగిన చప్పుడు చెంగల్రాయలి చెవిన పడ్డాయి.

అతను కిటికీ ఊచల దగ్గరికి జరిగాడు. వరండాలో నలభై ఏళ్ళ మనిషి ఒకామె రుబ్బురోలు కడుగుతోంది.

"మేరమ్మా, గోవిందన్ తావునుంచి వచ్చినాను. దొర యాడ?"

ఆమె తలెత్తకుండానే చెప్పింది. "ఎనక దావలో కారెత్తుకొని పోయినాడప్పా."

దావ. చెంగల్రాయలికి చెంప మీద కొట్టినట్టయింది. ఈ పక్క తెలుగులో దారిని దావ అంటారు. వాళ్ళమ్మ అదే అంటుంది, తనూ అదే అంటాడు. బాట అనే మాట ఈమె నోట వచ్చేది కాదు.

"చీటీలో ఏం రాస్తివమ్మా?"

"పాటలో పెట్టినారని రాసిస్తి. పెట్టె ఎనక తీగలు కట్టి, పాట తీరితే పెద్దాయన కూడా తీరిపోతాడని నవ్వుకున్నారు. మీవాళ్ళు తీసేసింటారనుకుంటి."

"బాటలో అని ఉండాదే!"

"బాట ఏంది నాయనా? నాకు తెలుగు రాత యాడ వస్తాది? మిషను బడిలో నేర్పించిన అరవ అక్షరాల్లోనే రాసిస్తి."

అరవంలో ప కీ బ కీ ఒకటే అక్షరం. ఆఫీసులో గుమాస్తా ఉన్నదున్నట్టు పాట అనే చదివి ఉంటాడు. పాటలో బాంబేమిటని చీఫ్ తన తెలివితో బాటగా దిద్దేశాడు. నలభైమంది పోలీసులు మైళ్ళ దూరంలో రోడ్డు మీద కంకర తిరగేస్తున్నారు. బాంబు కృష్ణమూర్తి మోచేతి పక్కన ఉంది.

అప్పటికే మిస్ కామిల్ తలుపు దగ్గర నిలబడి హ్యాండిల్ లాగుతోంది.

"తాళం," అన్నాడు చెంగల్రాయలు. "మిమ్మల్నీ వదిలేసి పోయాడు. ఏ పక్కో ఇప్పుడు తేల్చుకోండి."

ఆమె హ్యాండిల్ వదిలేసింది. "కారులో తీసుకుపోతానన్నాడు. తీగలు కట్టేటప్పుడు నేనే టార్చి పట్టుకుంటిని. మీకు చెప్పాలనే ఉన్నాను. ఎప్పుడు చెప్పేదో తెలీకపోయె."

"ఇప్పుడు చెప్పండి."

"రికార్డు కింద తట్ట తిరిగేది ఆగితే పేలతాది. కరెంటు తీస్తే తట్ట ఆగతాది. ముల్లు లేపినా తట్ట ఆగే రకం అది. పాట తీరితే దానంతట అదే ఆగతాది. తీగ తెంచాలంటే ఎనకపక్క పలక తియ్యాల. ఎనిమిది స్క్రూలుండాయి."

చెంగల్రాయలు రికార్డు వైపు చూశాడు. ముల్లు లేబుల్‌కి వేలి మందం దూరంలో ఉంది. మహా అయితే రెండు నిమిషాలు. ఎనిమిది స్క్రూలకి పది నిమిషాలైనా కావాలి.

తట్ట తిరుగుతూనే ఉండాలి. పాట అయిపోకూడదు. దానికి ఒకటే దారి ఉంది. ఆ దారి తట్టగానే అతని ప్రాణం విలవిల్లాడింది. చివరి ట్రంపెట్ సోలో ఇంకా రానేలేదు. దాని గురించి ఏళ్ళ తరబడి విన్నాడే తప్ప దాన్ని వినలేదు.

కృష్ణమూర్తి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. చెంగల్రాయలు పెన్ను క్యాప్ తిప్పాడు. తిరుగుతున్న రికార్డు మీదికి వంగి, ముల్లు ఇంకా తాకని భాగంలో ఏటవాలుగా ఒక్క గాటు పెట్టాడు.

"ఒరే పాపాత్ముడా," అని అంజప్ప లేచి నిలబడ్డాడు. కృష్ణమూర్తి కళ్ళు తెరిచాడు. మనిషిని నరికినా అంత భయంగా చూసేవాడు కాదేమో.

ముల్లు గాటు దగ్గరికి వచ్చింది. ఎగిరి వెనక గీతలో పడింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పడింది. ట్రంపెట్ మొదలుపెట్టబోయే ఊపిరి ఒకటి, దాని వెనకే జనంలో ఎవరిదో దగ్గు. ఊపిరి, దగ్గు. ఊపిరి, దగ్గు.

"అది నా దగ్గే," అన్నాడు అంజప్ప, కోపం మరిచిపోయి.

చెంగల్రాయలు మీసం పీకేసి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు. కృష్ణమూర్తి మాత్రం కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపాడు. బయట దబ్బుమని మోత మొదలైంది. ఆరోకియమేరి రుబ్బురోలు పొత్రం ఎత్తి తాళం మీద వేస్తోంది. మూడో దెబ్బకి తాళం గొళ్ళెంతో సహా ఊడింది.

"సీక్రం రండి సాములూ," అందామె. జనం బయటికి పరిగెత్తారు. మిస్ కామిల్ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి, టీపాయ్ మీది టార్చి తీసుకుని రేడియోగ్రామ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుంది.

"టార్చి పట్టేది నాకు అలవాటే," అంది.

బ్లేడు మొనతో స్క్రూలు తిప్పాడు. ఒకటి. రెండు. నాలుగో దానికి మొన విరిగింది. మిగిలిన మొద్దుతోనే తిప్పాడు. పైన ఊపిరి, దగ్గు. ఏడో స్క్రూ ఊడింది. ఊపిరి, దగ్గు, ఊపిరి... ట్రంపెట్.

గాటు అరిగిపోయింది. ముల్లు దాటేసింది. హుగ్లీ సెవెన్ చివరి సోలో గది నిండా పొంగింది. అది ఎంత గొప్పగా ఉందో చెంగల్రాయలికి తెలుస్తూనే ఉంది. వినే తీరిక లేదు. ఎనిమిదో స్క్రూ కదలడం లేదు. పలకని రెండు చేతులా పట్టి లాగాడు. చెక్క పెళ్ళున చీలింది.

"ఎర్ర తీగ. బ్యాటరీ నుంచి పోయేది," అంది కామిల్.

పైన చప్పట్లు మొదలయ్యాయి. కలకత్తా జనం లేచి నిలబడి కొడుతున్న చప్పట్లు. ముల్లు సర్రున లేబుల్ వైపు జారింది. టక్‌మని యంత్రం ఆగబోతున్న చప్పుడు. విరిగిన బ్లేడుకి తీగ చుట్టి ఒక్క గుంజు గుంజాడు.

తట్ట నెమ్మదిగా తిరిగి, ఇంకా నెమ్మదిగా తిరిగి, ఆగింది.

ఏమీ కాలేదు. కామిల్ టార్చి ఆర్పి, గోడకి ఆనుకుని ఏడ్చింది. చెంగల్రాయలు ఆమెని అరెస్టు చెయ్యాలి. ఐదు నిమిషాల తర్వాత చేశాడు.

సాయంత్రం మద్రాసు నుంచి ఫోనులో చీఫ్ గొంతు హుషారుగా వినిపించింది. వెనక దావ పోయి కలిసేది పెద్ద రోడ్డులోనే. హెల్డర్ కారు తిన్నగా నలభైమంది కూలీల మధ్యకి వచ్చి ఆగిందిట.

"చూశావా," అన్నాడు చీఫ్. "బాటలోనే దొరికాడు. నేను ముందే దిద్దాను."

చెంగల్రాయలు ఫోను పెట్టేశాడు. వరండాలో ఆరోకియమేరి అందరికీ కాఫీ ఇస్తోంది. కృష్ణమూర్తి తన ఫైలు తెరిచి, గుడియాత్తం పట్టికలో ఆమె పేరు వెతికాడు. మాతృభాష గడి ఖాళీగా ఉంది.

"నీ లెక్క ఎటు రాయమంటావమ్మా? తెలుగా, తమిళమా?"

"మాట్లాడేది తెలుగు సామీ. రాసేది అరవం."

"ఒక్కటే రాయాలి. రెండోది కొట్టెయ్యాలి."

"కొట్టెయ్యండి," అంది ఆమె, గ్లాసు అందిస్తూ. "తెలుగు కొట్టేస్తే ఆ దొర నవ్వింది నాకు అర్థమయ్యేది కాదు. మీ డ్రైవరుతో తెలుగులోనే అన్నాడు. అరవం కొట్టేస్తే చీటీ రాసేదాన్ని కాను. ఏది కొట్టేస్తారో మీరే చూసుకోండి."

కృష్ణమూర్తి కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. తన డ్రైవరు కూడా ముఠా మనిషేనన్న సంగతి ఆయనకి ఆలస్యంగా తట్టింది. చెంగల్రాయలికి ఆ మాట చెవిన పడగానే తట్టింది. అప్పటికే జీపు దగ్గర డ్రైవరు చేతులకి బేడీలున్నాయి.

సోమవారం వెళ్ళాల్సిన రిపోర్టు గురువారం గానీ ఢిల్లీకి వెళ్ళలేదు. ఆలస్యానికి కారణం అన్నచోట కృష్ణమూర్తి, ముల్లు ఒకే గీతలో ఇరుక్కుపోయిందని రాసి సంతకం పెట్టాడు.