గొలుసుకున్న తెల్లచొక్కా

చీకటి పడ్డాక ఆ బట్టల హాలు వైపు మా ఊళ్లో ఎవరూ వెళ్లరు. పగలైతే టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు. బొగ్గుగని మూతపడ్డాక ఊరు బతుకుతున్నది చూడ్డానికొచ్చేవాళ్ల మీదే. గని టవరుకి రంగుదీపాలు పెట్టారు, సొరంగంలో బొమ్మరైలు నడుపుతున్నారు. ఆ హాలుని మాత్రం ఉన్నదున్నట్టు మ్యూజియంగా ఉంచేశారు.

గని నడిచిన రోజుల్లో కార్మికులు ఇంటిబట్టలు విప్పి కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి కప్పు దాకా పంపేవారు. పని దిగాక వాటిని దింపుకుని, స్నానం చేసి తొడుక్కుని, మసిబట్టలు అదే కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవారు. ఇంటిబట్టలు పైన వేలాడుతున్నాయంటే మనిషి ఇంకా గనిలో ఉన్నట్టు.

గని మూసిననాడు అందరూ తమవి తీసుకుపోయారు. ఒక్క జత మిగిలింది — తెల్లచొక్కా, ప్యాంటు. గని కప్పు కూలి లోపలే ఉండిపోయిన మనిషివి.

మ్యూజియం వాళ్లు వాటిని దింపి అద్దాలపెట్టెలో పెట్టారు. తెల్లారేసరికి మళ్లీ పైనున్నాయి... ఇంకేముంది, దెయ్యమన్నారు.

మా బావ అప్పుడే అక్కడ రాత్రి కాపలాకి చేరాడు. బల్లి అరిచినా లైటు వేసుకునే రకం. మా అక్క పోయాక ఖాళీ ఇంట్లో నిద్రపట్టక ఒప్పుకున్నాడు, అంతే.

ఒక రాత్రి హాల్లో గొలుసు గలగలమంది. బావ టార్చి వేశాడు. గొలుసు లాగుతున్నది... టికెట్లమ్మే పెద్దమ్మ. ఆ చొక్కా మనిషి భార్య.

"ఈ వేళప్పుడు ఇదేం పని పెద్దమ్మా?"

"పెట్టెలో పెట్టి తాళమేస్తే ఎలా బాబూ?" గుసగుసగా అంది. "ఆయన పైకొచ్చాక ఏం తొడుక్కుంటాడు?"

బావ మా అక్క చీరలు ఇంకా దండెం మీదే ఉంచుకున్న మనిషి. తనూ గొలుసు మీద ఓ చెయ్యి వేశాడు.

అప్పట్నుంచీ రోజూ అదే. పగలు మ్యూజియం వాళ్లు దింపడం, రాత్రి వీళ్లిద్దరూ ఎక్కించడం. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పక్కన ఒక మనిషి ఉంటే చాలనిపించేదట.

ఒక రాత్రి పెద్దమ్మ రాలేదు. బావ ఒక్కడే పెట్టె తాళం తీసి, బట్టలు పైకి పంపి, వరండాలో నడుం వాల్చాడు. నిద్రలో గొలుసు చప్పుడు... ఆ వెనకే నీళ్ల చప్పుడు... పెద్దమ్మ ఆలస్యంగా వచ్చిందిలే అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి కబురొచ్చింది. పెద్దమ్మ ముందురోజు సాయంత్రమే పోయిందట.

బావ హాల్లోకి పరిగెత్తాడు. ఏళ్లుగా ఎండిపోయిన స్నానాల గచ్చు తడిగా ఉంది. పైన తెల్లచొక్కా లేదు. దాని చోట మసిబట్టలు వేలాడుతున్నాయి. దింపి ముట్టుకున్నాడు... చెమటతో తడిసి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

అక్క చీరలు తీసెయ్యమని బావని పోరడం నేనింక మానేశాను.