పావు మోతాదు

“హత్య పన్నెండింటికి. చావబోయేది అరటి,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ నత్త నవ్వలేదు. నిదానంగా నడుస్తాడని ఆ పేరు పెట్టారు గానీ, అతని చేతికి చిక్కి బయటపడ్డవాళ్లు లేరు.

“ఎండుతెగులుకి తట్టుకునే రకం ఇక జార్లలో మొలకలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబ్‌లోనే ఉంది. మూడు నెలల్లో రెండొందల జార్లు పోయాయి. ఒక్కదానికీ బూజు లేదు, మొలకా లేదు. మిగిలిన నలభై జార్లనీ ఇవాళ కొత్త పోషకాల జెల్లీలోకి మారుస్తారు. అందులో కలిపే బూజు మందు సప్లై సెంటు మేడంది.”

“మన ఏజెంటేగా?”

“రెండు పడవల మీద కాళ్లు. బూజుని చంపే మందు మోతాదు మించితే మొలకనీ చంపుతుంది. ఆమె పంపిన సీసాలో లేబుల్ కంటే నాలుగు రెట్లు ఘాటుంది. ఈ నలభై పోతే ఒక్కో పిలక కోసం ఆమెని కొన్న విదేశీ ముఠా గడప తొక్కాలి. కదులు!”

నత్త, జార్లని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. గేటు దగ్గర మన మనిషి అడిగాడు.

“ఆవిరెలా ఉంది?”

“మూత బిగించే ఉంది.”

కోడ్ సరిపోయింది. కానీ గౌను, టోపీ, మాస్కు, ఎయిర్ షవర్ దాటేసరికి తలప్రాణం తోకకొచ్చింది. లోపల అడుగుపెట్టేసరికి నలభయ్యో జారుకి మూత పడింది.

సెంటు మేడం అద్దానికి ఆనుకుని అందంగా నవ్వింది. “లేటయింది, మెకానిక్‌గారూ. మీ అరటికి నూకలు చెల్లాయి.”

నత్త మిగిలిన జెల్లీలో డిటెక్టర్ పెన్ను ముంచాడు. ప్రమాదమైతే ఎర్రబడాలి. పచ్చగానే ఉంది.

“మందు పావు వంతే వేశాను,” అంది జెల్లీ అక్క. పాతికేళ్లుగా ఆ ల్యాబ్‌లో జెల్లీ వండేది ఆవిడే.

“లేబుల్ ప్రకారం వెయ్యమని డైరెక్టర్ ఆర్డరిచ్చాడుగా!” అరిచింది మేడం.

“ఇచ్చారు. నేను వినలేదు. ఉప్పెంతో నాలుక చెప్పాలిగానీ పొట్లం చెప్తుందా? పారేసే ముక్కలతో మూడు వరసలు పెట్టి చూశా. మందు లేని జార్లు సగం బూజెక్కాయి. నువ్వు చెప్పినంత వేసినవి తెల్లగా పాలిపోయాయి. పావు వంతు వేసినవన్నీ శుభ్రంగా చిగురేశాయి. నా మొక్కల్ని చంపుతుంటే చేతులు కట్టుకుని కూర్చుంటాననుకున్నావా?”

మేడం లిప్‌స్టిక్ తీసి అక్క వైపు గురిపెట్టింది. నత్త ఆ మణికట్టు ఒడిసిపట్టాడు. విషపు సూది ఎగిరి సీలింగ్‌లో దిగబడింది. మరుక్షణం బేడీలు పడ్డాయి.

సాయంత్రానికి అక్కకి మెమో అందింది: ‘ఆదేశాల ధిక్కరణకు నెలలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’

“నేను డైరెక్టర్‌తో మాట్లాడతానక్కా,” అన్నాడు నత్త.

“నీకెందుకు? నా సంగతి నేను చూసుకుంటా.”

గడువు చివరి రోజున అక్క ఆ మెమో కిందే జవాబు రాసింది: ‘సంజాయిషీ జతపరచడమైనది. దయచేసి ఎండలో పెట్టవద్దు.’

డైరెక్టర్ బల్ల మీద నలభై జార్లూ పచ్చగా నిలబడి ఉన్నాయి. ఆయన సంతకం పెట్టడానికి చోటు లేదు.