మధ్యాహ్నం పాట

తెల్లవారకముందే కోడలికి మెలకువ వచ్చింది. అత్తగారిని పక్కకు తిప్పి పడుకోబెట్టే వేళ అది. చెప్పులు వెతుక్కుని ముందుగదిలోకి వెళ్ళి, చీకట్లో మంచం మీద చెయ్యి వేశాక గాని అక్కడ ఎవరూ లేరని గుర్తుకు రాలేదు. పెద్దావిడ పోయి నెల దాటింది. మనిషి వెళ్ళిపోయినా, ఆ మనిషికి చేసిన చాకిరీ మాత్రం ఒంట్లోంచి పోలేదు. లేచినదాన్ని మళ్ళీ ఏం పడుకుంటానులే అనుకుని టీ పెట్టుకుంది. అది తాగుతూనే ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది.

ఆ సాయంత్రం వీధి చివర ప్రార్థన మందిరంలో పెద్దావిడ సంస్మరణ సభ. పెద్దావిడ అంటే ఆ వీధిలో ఎవరికీ తెలియదు, పాటలమ్మ అంటేనే తెలుసు. నలభై ఏళ్ళు ఆ మందిరంలో హార్మోనియం వాయించింది. ఏ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నా వెళ్ళి పక్కన కూర్చుని, ఇంట్లోవాళ్ళను పొమ్మని పడుకోబెట్టేది. గట్టిగా పాడమని ఎవరైనా అడిగితే, "దేవుడికి చెవులు బాగానే ఉన్నాయిలే, మెల్లగా పాడినా వింటాడు" అని నవ్వేది. అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది ఆవిడ పాటల బడి. రోజూ మధ్యాహ్నం వీధిలో పిల్లలందరినీ మందిరంలో పోగేసి పాటలు నేర్పింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలు కూడా అక్కడే నేర్చుకున్నారు.

ఇవాళ సభలో అందరూ ఆ మాటలే చెప్తారు. చివర్న కోడలు కూడా మాట్లాడాలట. మందిరం పెద్దాయన వచ్చి అడిగి వెళ్ళినప్పటి నుంచి ఆమెకు అదే ఆలోచన. ఏం చెప్పాలి? పెళ్ళై వచ్చినప్పటి నుంచి అత్తగారు ఆమెను తిట్టింది లేదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని మంచిగా నాలుగు మాటలు ఆడిందీ లేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, రొట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి నాలుగేళ్ళు చాకిరీ చేసింది కోడలే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా పెద్దలు.

పది గంటలకల్లా ఆడపడుచు దిగింది. పక్క ఊళ్ళో బడిలో టీచరు. మనిషి మంచిదే గాని ఎక్కడికి వెళ్ళినా అక్కడే ఓ తరగతి గది ఉందనుకుంటుంది. చేతిసంచి దించకముందే ఎవరు ముందు మాట్లాడాలో, ఏ పాట ఎప్పుడు పాడాలో చెప్పడం మొదలుపెట్టింది. హార్మోనియం పెట్టెని అన్నయ్య మోసుకెళ్ళాలంది. డిపోలో బస్సుల కింద దూరి దూరి నడుం పట్టేసిన ఆ మెకానిక్ అన్నయ్య సరేనన్నాడు. కోడలి కూతురు, కవలల్లో పెద్దది, మందుల షాపుకి సెలవు పెట్టి నాన్నమ్మ ఫొటోలు ఏరుతూ కూర్చుంది. అంతా బాగానే ఉంది, ఆడపడుచు వదిన వైపు తిరిగేదాకా.

"వదినా, నువ్వు ఎక్కువేం చెప్పక్కర్లేదు. అత్తయ్య నన్ను కన్నకూతురిలా చూసుకుంది, ఆ ఒక్క మాట చెప్పి దిగిపో. చాలు."

కోడలు చొక్కా కాలర్ మీద ఇస్త్రీ ఆపలేదు. "నేను మాట్లాడను. పెద్దాయనకి నువ్వే చెప్పు."

"అదేంటి? అందరూ నీకోసమే చూస్తారు కదా."

"చూడనీ. రాని మాట నోట్లోంచి ఎలా వస్తుంది?"

భర్త మధ్యలో కల్పించుకుని, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటూ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన చెయ్యి తుడుచుకునే గుడ్డ తీసుకుని, చేతికి ఏమీ అంటకపోయినా తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. అమ్మ నిన్ను ఎప్పుడైనా పల్లెత్తు మాట అన్నదా అని నిలదీసింది. ఇస్త్రీపెట్టె నిలువుగా నిలబెట్టి అప్పుడు తలెత్తింది కోడలు. ఆ గొంతులో కోపం కూడా లేదు. బరువు దించే చోటు దొరకని మనిషిలా మాట్లాడింది.

"అనలేదమ్మా. అసలు ఏమీ అనలేదు. అదే నా బాధ. అప్పట్లో నేను రాత్రంతా ఫ్యాక్టరీలో నిలబడి పొద్దున్నే వచ్చేదాన్ని. నాలుగేళ్ళ కవలలు, ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఆవిడ మధ్యాహ్నం భోజనం అవగానే వీళ్ళను వెంటేసుకుని, హార్మోనియం పెట్టె చంకన పెట్టుకుని ఊరి పిల్లల్ని ఉద్ధరించడానికి వెళ్ళిపోయేది. అత్తగారు అంత సేవ చేస్తుంటే కోడలు గుర్రు పెట్టి పడుకుందని అంటారేమోనని, నేను నిద్ర ఆపుకుని ఇంటిల్లిపాది బట్టలూ ఇస్త్రీ చేసేదాన్ని. ఆవిడ తిరిగొచ్చి ఆ మడతల వంక ఓ చూపు చూసేది. ముఖం ఇంత చేసుకుని లోపలికి పోయేది. ఎంత బాగా చేసినా అదే చూపు. ఊళ్ళో అందరి మంచాల పక్కనా కూర్చుంది మీ అమ్మ. నా పక్కన ఎప్పుడు కూర్చుంది? చెప్పు."

ఆడపడుచు కళ్ళు ఒత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. భర్త ఆవిడ వెనకాల వెళ్ళాలో భార్య దగ్గర ఉండాలో తేల్చుకోలేక గడప మీదే ఆగిపోయాడు. కోడలు మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఎంత వద్దనుకున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి పొట్టిపిన్ని వచ్చింది. ఎదురింటి ముసలావిడ, బట్టలు కుట్టి బతికిన మనిషి, పాటలమ్మకు ప్రాణస్నేహితురాలు. అందరికీ పిన్నే. ముడతలు పడ్డ శాలువా ఒకటి చేత్తో పట్టుకుని, సాయంత్రం కప్పుకోవాలి, కాస్త వేడి చూపించవే అంటూ లోపలికి వచ్చింది. ఇస్త్రీ చేస్తున్న కోడల్ని చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇంకా ఇస్త్రీయేనా నువ్వు? ఈ పెట్టెని నూతిలో పారేస్తానని మీ అత్త ఎన్నిసార్లు నా దగ్గర శపథాలు చేసిందో."

"నా పని ఆవిడకి ఎప్పుడు నచ్చింది గనక, పిన్నీ," అంది కోడలు శాలువా అందుకుంటూ.

"పని నచ్చకేం. నిద్రపోకుండా పని చెయ్యడం నచ్చలేదు." పిన్ని మంచం అంచున కూలబడింది. "నిన్ను ఓ గంట పడుకోబెట్టడానికే కదటే ఆ మహాతల్లి పాటల బడి పెట్టింది."

కోడలి చెయ్యి ఆగిపోయింది. పెరటి గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. పిన్ని మాత్రం అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పుకుపోయింది. కవలలు ఇంట్లో ఉంటే కోడలికి కన్ను మూతపడదని వాళ్ళను మందిరానికి తీసుకెళ్ళిందట పాటలమ్మ. ఇద్దరే అయితే పది నిమిషాలు కూడా కూర్చోలేదట. తోడుకి ఇంకో నలుగురు ఉంటే కుదురుగా ఉంటారని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడిగిందట.

"ముందు మా ఇంటికే వచ్చింది. మావాడు నోరు తెరిస్తే కాకులు సిగ్గుపడతాయే, వాడికి పాటలేంటి అన్నాను. గొంతుతో నాకు పనిలేదు, ఓ గంట కూర్చునే ఒళ్ళుంటే చాలు పంపు అంది. ఇంట్లోనే నేర్పొచ్చుగా అంటే, అక్కడ మోత చేస్తే నా కోడలెలా పడుకుంటుందే, పిచ్చిదానా, అంది. అట్లా మొదలైంది. తర్వాత ఆపుదామన్నా పిల్లలు ఆపనివ్వలేదు."

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా పిన్నీ?"

"అదే అడిగాను. నా కోడలికి రోషం ఎక్కువే, నువ్వు అలిసిపోయావు పడుకో అన్నామంటే ఇంకో పని ఎత్తుకుంటుంది, అంది. చెప్పకుండా పోతే పడుకుంటావనుకుంది. తీరా వచ్చి చూస్తే బట్టలన్నీ దొంతరగా మడతలు. ఇవాళ కూడా పడుకోలేదే నా తల్లి, అని మా ఇంటికొచ్చి కుమిలిపోయేది. ఇద్దరూ ఇద్దరే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు."

పిన్ని నవ్వింది. కోడలు నవ్వలేదు. ఆమె ముందుగదిలోని ఖాళీ మంచం వైపు చూస్తూ ఉండిపోయింది. మాట పడిపోయిన ఆ నాలుగేళ్ళూ అత్తగారు మధ్యాహ్నం అయ్యేసరికి ఎడమ చేత్తో పరుపు అంచు మీద తట్టేది. మెల్లగా, ఆగి ఆగి, ఆమె ముఖంలోకి చూస్తూ తట్టేది. దుప్పటి నలిగిందేమోనని కోడలు లాగి సర్దేది. మళ్ళీ తట్టేది. హార్మోనియం కావాలేమోనని తెచ్చి పక్కన పెడితే కాదన్నట్టు తల ఊపి, మళ్ళీ పరుపు మీదే తట్టేది. చివరికి విసుగొచ్చి, అంతా సరిగ్గానే ఉంది అత్తయ్యా, ఇంకెంత సర్దను, అని పనిలోకి పోయేది. అప్పుడా ముఖంలో కనిపించేది మడతబట్టల వంక చూసిన అదే చూపు.

"పడుకోమంది," అంది కోడలు ఎవరితోనో అన్నట్టు. "పక్కన పడుకోమంది. నేను దుప్పటి సర్దాను."

నేల మీదే కూర్చుండిపోయింది. ఆడపడుచు వచ్చి ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి ఆమె పక్కన చతికిలబడింది. పొద్దున్న నీకు పాఠం చెప్పినట్టు చెప్పాను వదినా, ఏమనుకోకు, అంది. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

సాయంత్రం మందిరం నిండిపోయింది. బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఒక్కొక్కరే లేచి పాటలమ్మ తమ ఇంట్లో ఎవరి పక్కన ఎలా కూర్చుందో చెప్పారు. పొట్టిపిన్ని కొడుకు, కాకులు సిగ్గుపడే ఆ గొంతుతోనే, తనను వెనక వరసలో నిలబెట్టి నువ్వు నోరు ఆడించు నాయనా చాలు అనేదని చెబితే అందరూ నవ్వారు. చివర్న కోడలు లేచింది. నడవలో ఆమె అడుగులు ఎంత బరువుగా పడ్డాయంటే, భర్త లేచి పట్టుకోబోయాడు. ఆమె వద్దని సైగ చేసింది.

"నాకు మాట్లాడటం రాదు," అంది. "ఈ పాటల బడి ఎందుకు పుట్టిందో మీకు తెలీదు. నాకూ ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన నన్ను ఓ గంట పడుకోబెట్టడానికి. మీ అందరికీ పాటలొచ్చాయి గాని, నేను మాత్రం పడుకోలేదు. ఇస్త్రీ చేశాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఆవిడ నా పక్కన ఎప్పుడూ కూర్చోలేదనుకున్నాను. నాకోసం ఇంతమందిని కూర్చోబెట్టింది. అత్తయ్యా, నాకు తెలీలేదు." ఆ మాటతోనే దిగి వచ్చేసింది.

కూతురు హార్మోనియం ముందు కూర్చుని తిత్తి కదిపింది. కవలల్లో రెండోవాడు పని చేసే ఊరి నుంచి అప్పుడే వచ్చి, చేతిలో బ్యాగుతోనే అక్క పక్కన నిలబడ్డాడు. పాటలమ్మ దగ్గర నేర్చుకున్న పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ వాళ్ళ వెనక చేరారు. పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అయ్యేసరికి కోడలి తల ఒక పక్కకు వాలింది. రెండో చరణానికి ఆడపడుచు భుజం మీదికి చేరింది. అరచేతులు ఒళ్ళో తెరుచుకుని పడి ఉన్నాయి, వాటికి ఎప్పుడూ ఏ పనీ లేనట్టు.

పాట ముగిసింది. జనం లేవబోయారు. కూతురు గబగబా వచ్చి, అమ్మా, అని వంగబోతే ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపకు," అంది గొంతు తగ్గించి. "వెళ్ళి ఇంకోటి పాడండి."

లేచినవాళ్ళు చప్పుడు కాకుండా మళ్ళీ కూర్చున్నారు. కూతురు హార్మోనియం దగ్గరకు తిరిగి వెళ్ళింది. పాటలమ్మ పిల్లలు ఇంకో పాట అందుకున్నారు, ఈసారి మెల్లగా.