లాటు పక్కన నక్షత్రం

"ఈ గుర్తు ఏంటండీ?" అని అడిగింది కొత్తమ్మాయి.

కెజియా తలెత్తి చూసింది. మడత నలగని కుర్తా, మెడలో ఐడీ కార్డు, చేతిలో కెజియా రిజిస్టరు. మూడేళ్ళుగా తాను తప్ప ఇంకొకరు వేలు పెట్టని రిజిస్టరు.

"ఏ గుర్తు?"

"ఇదిగో, ఈ లాటు పక్కన చిన్న నక్షత్రం. కింద మళ్ళీ ఒకటి. మధ్యలో నాలుగు లాట్లకు లేదు. ఏ లెక్కన పెడతారు?"

"నాకు తెలవదు."

"రాసింది మీరే కదా?"

"రాసింది నేనే. తెలవదు."

కొత్తమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది.

ఆమె పేరు బిందు. హైదరాబాదు నుంచి వచ్చింది. ముత్తుకూరు దగ్గరున్న ఈ రొయ్యల కంపెనీలో పుస్తకాలన్నీ తీసేసి, గేటులోకి లారీ వచ్చినప్పటి నుంచి కంటైనరు ఓడెక్కేదాకా ఒకే సాఫ్ట్‌వేరులో నడపాలని యజమానులు అనుకున్నారు. దాన్ని ఈఆర్‌పీ అంటారట. పుస్తకాల్లో ఉన్న ప్రతి గీతనూ అందులోకి ఎక్కించడం బిందు పని.

తెలవదన్నది అబద్ధం. ఆ నక్షత్రం గురించి కెజియాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

లారీలోంచి సరుకు దిగగానే ట్రేలోంచి కిలో రొయ్యలు తూచి, ఎన్ని ఉన్నాయో చూడాలి. దాన్నే కౌంటు అంటారు. కాటా దగ్గరుండే కెజియా ఒకసారి, కొనుగోలు సెక్షను నుంచి వచ్చినవాళ్ళు ఒకసారి లెక్కపెడతారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి అంకె చెప్పాలి. కలిస్తే సంతకాలు. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి.

కొనుగోలు సెక్షనులో ఉన్నది మస్తాన్, సుశీల్ కుమార్. మస్తాన్ వస్తే అంకె మొదటిసారే కలిసేది. సుశీల్ వచ్చిన రోజు మాత్రం ఎందుకో కలిసేది కాదు. ముప్పై ఒకటి కళ్ళెదుట కనబడుతుంటే ముప్పై రెండు అనడం కెజియాకు పెద్ద కష్టమా? మళ్ళీ స్టీలు బల్ల మీద నాలుగు చేతులు, వేళ్ళ మధ్య ఐసు నీళ్ళు, మళ్ళీ "ఒకటి, రెండు, మూడు".

అతను వెళ్ళాక రిజిస్టరులో ఆ లోడు లాటు నంబరు పక్కన నక్షత్రం పడేది. అంతే. ఒక్క మాట లేకుండా మూడేళ్ళు.

ఇప్పుడు కొత్త పద్ధతి వస్తే కౌంటు ఒక్కరే లెక్కపెట్టి టాబ్‌లో నొక్కితే చాలట. ఇద్దరెందుకు, టైము దండగ అని మీటింగులో బిందే అన్నదట. పైగా సుశీల్‌కు డేటా తెలుసని, అతణ్ణి తన పక్కన గాజు గదిలో కూర్చోబెట్టుకుంది. లారీల దగ్గరకు ఇప్పుడు మస్తాన్ ఒక్కడే వస్తున్నాడు. ఇలా పదిహేను రోజులు గడిచాయి. ఒక్క నక్షత్రం లేదు.

అసూయ పసిబిడ్డ జ్వరం లాంటిది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినప్పుడల్లా ఇందాకటి కంటే ఎక్కువే అనిపిస్తుంది. అయినా చెయ్యి పెట్టకుండా ఉండలేం.

"ఏమ్మే, ఆ గాజు గది వైపు చూసి చూసి నీ కళ్ళు రొయ్య కళ్ళు మాదిరి బయటికొచ్చేస్తా ఉండాయి," అంది రెబెక్కమ్మ. రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగు హాలుకు పెద్ద ఆమె. చర్చిలోనూ కెజియా పక్కనే కూర్చుంటుంది.

"నేనేం చూడటం లేదక్కా."

"చూడకుండానే లోపలికి రెండు టీలు పోయినాయని ఎట్టా చెప్పినావు?"

"రెండు కాదు, మూడు."

రెబెక్కమ్మ గ్లవ్సు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కెజియా నవ్వలేదు. ఆ పిల్ల బీటెక్. తను నాన్న పోయాక ఇంటరు మధ్యలో ఆపేసింది. ఆ పిల్ల చెప్పులకు బురద కూడా అంటదు. తన చున్నీకి ఎన్ని సబ్బులు రుద్దినా రొయ్య వాసన పోదు.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. సుశీల్ తలమీద ఫైలు పెట్టుకుని షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది కెజియా, మాటే లేదు?"

"మీకు మాట్లాడేవాళ్ళు ఉండారుగా సార్."

"సార్ ఎప్పట్నుంచి?"

"గాజు గదిలోకి పోయినప్పట్నుంచి."

అతను తల తుడుచుకుంటూ ఆమె ముఖం చూశాడు. ఏదో అడగాలని వచ్చినట్టున్నాడు. కెజియా గుండె ఒక్క క్షణం ఆగింది.

"ఒక మాట చెప్తావా? ఆ రిజిస్టరులో నక్షత్రం ఏంది?"

ఆగిన గుండె భగ్గుమంది. "ఆమె అడగమనిందా?"

"నేనే అడుగుతా ఉండా."

"తెలవదు. ఆమెనే కనిపెట్టమనండి. పెద్ద చదువు కదా."

"నువ్వు ఊరికే ఏదీ రాయవు, కెజియా."

"ఇకమీద రాయను కూడా. మీ మిషన్ రాసుకుంటాది."

సుశీల్ వానలోకే తిరిగి వెళ్ళిపోయాడు. ఫైలు బల్ల మీదే మరచిపోయాడు. కెజియా దాన్ని ఒక ట్రే కింద దాచింది, మళ్ళీ తీసి తుడిచి ఆరబెట్టింది.

సోమవారం ఉదయం కొత్త పద్ధతి మొదలైంది. మేనేజరు ఆనందబాబు గారు చొక్కాకు పెన్ను లేకుండా వచ్చారు, ఇక పెన్నుతో పని లేదని. చినుకులు పడుతూనే ఉన్నాయి. మొదటి లారీ లోపలికి వచ్చింది. సుశీల్, బిందు లాప్‌టాప్‌తో సహా షెడ్డులో ఉన్నారు, పక్కపక్కనే.

మస్తాన్ టాబ్‌లో రైతు పేరు నొక్కాడు. రొయ్యలు పెంచిన గుంట నంబరు, బరువు ఎక్కాయి. సేవ్ నొక్కాడు. ఎర్ర గీత వచ్చింది.

"నక్షత్రానికి కారణం ఎంచుకోమంటా ఉంది," అన్నాడు మస్తాన్. "ఎంచుకుందామంటే లోపల ఏమీ లేదు."

ఆనందబాబు గారు టాబ్‌లోకి తొంగి చూశారు. "నక్షత్రమేందయ్యా? రొయ్యలకు జాతకాలు చూస్తా ఉండామా? వెనకాల ఇంకో లారీ ఉండాది. ఐసు కరిగిపోతా ఉంటే రొయ్యలు ఏమవుతాయో నేను చెప్పాల్నా?"

ట్రేల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. కెజియా కాళ్ళు చల్లబడ్డాయి. తను ఆ రోజు "తెలవదు" అనకుండా ఉంటే ఈ లాటు ఇలా నిలబడేది కాదు.

"దాన్ని తీసేయండి," అంది బిందుతో. "అది లెక్కలోది కాదు."

"మొదటి వారమే తీసేద్దామన్నాను," అంది బిందు, చేతులు కీబోర్డు మీదే ఉంచి. "ఈయన ఒప్పుకోలేదు. 'ఆ అమ్మాయి ఊరికే గీత కూడా గీయదు, అది లేకుండా లాటు సేవ్ కాకూడదు' అన్నారు. కారణాల లిస్టు తరవాత నింపుదామని ఖాళీగా పెట్టాం. మూడేళ్ళ పుస్తకాలు ముందేసుకుని ఇద్దరం అదే వెతికాం. వానా, ఐసా, గుంటా, రైతా, ఏదీ కుదర్లేదు."

కెజియా సుశీల్ వైపు చూసింది. ఆ మూడు టీలూ, ఆ నవ్వులూ, ఆ గాజు గదీ, ఇదంతా తన నక్షత్రం కోసమా?

బిందు కెజియా వైపు వంగి, ఆమెకొక్కదానికే వినబడేలా అంది. "నిన్న సాయంత్రం సంతకాల కాలమ్ పక్కన పెట్టి చూశాను. నాకు తెలిసిపోయింది. ఆయనకు ఇంకా తెలీదు, ఆయన సంతకం తప్ప అన్నీ చూశారు. పొద్దున్నే మిమ్మల్ని అడుగుదామనుకుంటే లారీ ముందొచ్చేసింది. అది చెప్పాల్సింది నేను కాదు కదా."

కెజియాకు ఆ క్షణంలో ఆ పిల్ల మీద ఎక్కడా కోపం దొరకలేదు. వెతుక్కుంది కూడా.

"ఏదో ఒకటి చెప్పు తల్లీ," అన్నారు ఆనందబాబు గారు. "రొయ్య మెరుపు బాగుందని రాసుకుందాం."

"అబద్ధమయితే వద్దు సార్," అన్నాడు సుశీల్. "ఆ పుస్తకంలో ఇప్పటిదాకా అబద్ధం లేదు."

ఆ మాటకు కెజియాకు కళ్ళు మండాయి. నాలుగడుగులు వేసి అతని ముందుకొచ్చింది. రేకుల మీద వాన పెరిగింది. పక్కవాళ్ళకు వినబడదులే అనుకుంది.

"మస్తానన్న కాకుండా కౌంటుకు మీరొచ్చిన రోజు పెట్టేదాన్ని," అంది. "అంతే. ఇంకేం లేదు."

సుశీల్ చెవులు ఉడికించిన రొయ్య రంగుకు తిరిగాయి.

"ప్రతిసారీనా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

వెనకాల కీబోర్డు టకటకలాడింది. "అయిపోయింది సార్," అంది బిందు. "నక్షత్రమంటే సుశీల్ గారు స్వయంగా వచ్చి చూసిన లాటు."

ఆనందబాబు గారు రెండుసార్లు చదివారు. "ఇది శానా మంచి పద్ధతే. ముందే చెప్పొచ్చుగా అమ్మాయీ. సుశీలూ, ఇకనుంచి అన్ని లాట్లకూ నువ్వే స్వయంగా పోవాల."

రెబెక్కమ్మ అంత దూరం నుంచే గ్లవ్సు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదటి లాటు సేవ్ అయింది. ఇక కౌంటే మిగిలింది. సుశీల్ చేతులు కడుక్కుని స్టీలు బల్లకు ఆ పక్క నిలబడ్డాడు.

"ఒక్కరే లెక్కపెట్టాలంట కదా," అంది కెజియా.

"కాదు. రెండు గడులు పెట్టించినా. దానికే వారం పట్టింది, ఆమెతో పోట్లాడి." అతను రొయ్యలను ముందుకు జరిపాడు. "రెండూ కలవకపోతే మిషన్ ఒప్పుకోదు."

లెక్కపెట్టారు. ఐసు నీళ్ళలో వేళ్ళు తగిలాయి. ఈసారి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కెజియా తన గడిలో ముప్పై ఒకటి నొక్కింది. అతని ముందు మొదటి లెక్కకే సరైన అంకె చెప్పడం మూడేళ్ళలో ఇదే తొలిసారి.

సుశీల్ ముప్పై మూడు నొక్కాడు.

టాబ్ ఎర్రగా వెలిగింది. కౌంట్లు కలవలేదు, మళ్ళీ లెక్కపెట్టండి.

"ఉండేది ముప్పై ఒకటే," అంది కెజియా మెల్లగా.

"నాకూ తెలుసు," అన్నాడు సుశీల్, రొయ్యలన్నీ మళ్ళీ ఒక్కచోటికి తోస్తూ. "ఎప్పుడూ తెలుసు."